పాముల్ని, తేళ్లని లెక్కపెట్టినోడు మనుషుల్ని ఎందుకు లెక్కపెట్టలేదు?

(నరసరావుపేటలో కార్యకర్తల చదువు తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మాచర్ల కాడ్నించి, గురజాల కాడ్నించి, కారెంపూడి, పిడుగురాళ్ల, వినుకొండ వైపు నించి పనులు మానుకొని వచ్చారు. ఒకరోజు కూలి పోగొట్టుకొని వచ్చినోళ్లకి ఊరకే నాలుగు మాటలు చెప్పి పంపకూడదు. అందుకని ఇవాళ ఒకే ఒక్క సంగతి మాట్లాడతాం. చిన్న కవిత ఉంటది. నాలుగు పాదాలో, ఆరు పాదాలో. మాటలన్నీ తెలిసినవే. అయినా చదివాక ‘ఇందులో ఏముంది? ఈయన ఏం చెప్పినట్టు?’ అని ఆగిపోతాం. అట్లాంటి రచనని మన పల్లెల్లో, గూడేల్లో ఎట్లా చదవాలి? దాని అర్థం తేల్చే హక్కు ఎవరిది?

ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందంటే, పత్రిక పట్టుకొని ఊళ్లకి పోయే కార్యకర్తలు మమ్మల్ని తరచుగా ఒకటి అడుగుతున్నారు. ‘కవిత వేస్తే వేశారు, కింద రెండు ముక్కల్లో సారాంశం కూడా వెయ్యండి, జనానికి అర్థం కావటం లేదు’ అని. మేము వెయ్యం అంటున్నాం. ఎందుకు వెయ్యమో చెప్పటానికే ఈ ప్రసంగం.

పద్యానికి అర్థం చెప్పే పని ఈ దేశంలో ఒక కులం సొంతం చేసుకుంది. మూలం ఒకరి చేతిలో, వ్యాఖ్యానం కూడా వాళ్ల చేతిలోనే. మనకి మిగిలింది తలూపటం. ఇవాళ ఆ పండితుడి స్థానంలో మన కార్యకర్త కూర్చొని ‘దీని అర్థం ఇది, రాసుకోండి’ అంటే కూర్చున్న మనిషి మారాడే గానీ పీట మారలేదు. అర్థం కూడా భూమి లాంటిదే. దున్నేవాడికి దక్కాలి.

‘మనోళ్లకి చదువు లేదు గదా, గుట్టుగా రాసింది ఎట్లా విప్పుతారు?’ అంటారు కొందరు. ఇది మన గురించి మనమే నమ్మిన అబద్ధం. గుట్టుమాట విప్పటం మన ఇళ్లల్లో ఆట. పొడుపు కథ అంటే ఏంది? ఒక వస్తువు పేరు చెప్పకుండా దాని గుణాలు చెప్పి, వస్తువుని పట్టుకోమనటం. చేను, విత్తనం అని మొదలుపెట్టి చివరికి ‘పుస్తకం’ అని విప్పే పొడుపు కథ మీ అందరికీ తెలుసు. బడి మొహం చూడని అవ్వలు కూడా దాన్ని వేశారు, విప్పారు. ఇంకొకటి. పల్నాటి వీరుల కథని తరతరాలుగా నోటికి పెట్టుకొని పాడినవాళ్లు మాలపల్లెల గాయకులు. వాళ్లని పిలిచే పేరు ‘విద్యావంతులు’. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు మన సీమకి వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన కథని రికార్డు చేసుకొని, ఇంగ్లీషు చేసి 1982లో పుస్తకం వేశాడు. ఆక్స్‌ఫర్డు వాళ్లు అచ్చేసిన పుస్తకానికి మూలం మన పల్లె గొంతు. చదువు లేదన్న మాటని ఇక్కడితో పక్కన పెడదాం.

ఇప్పుడు మన సీమ మీదే ఉన్న ఒక చిన్న పద్యం తీసుకుందాం. శ్రీనాథుడిదని చెప్పుకునే చాటుపద్యం. శ్రీనాథుడు అయిదారు వందల ఏళ్ల కిందటి కవి, కొండవీటి రెడ్డిరాజుల కొలువులో పెద్ద పదవి చేసినోడు. సన్నబియ్యానికి, చందనానికి అలవాటుపడిన మనిషి. ఆయన పల్నాడు వచ్చి, ఇక్కడి తిండి, నీళ్లు పడక ఈ పద్యం చెప్పాడని కథ. నాలుగు పాదాల ఆటవెలది. ఇక్కడ చాలామందికి నోటికి వచ్చు కాబట్టి పాడి వినిపించం, అందులో ఉన్న సరుకు మాత్రం చెబుతాం. రాళ్లున్నయ్యి, నాపబండలున్నయ్యి. చిన్నాచితకా దేవుళ్లున్నారు. నాగులేటి నీళ్లున్నయ్యి. సజ్జకూడు, జొన్నకూడు ఉన్నయ్యి. పాములున్నయ్యి, తేళ్లున్నయ్యి. పల్నాటి పల్లెటూళ్లంటే ఇవీ అన్నాడు. అంతే. అయిపోయింది.

ఒకసారి ఆగి చూడండి. ఆ పద్యంలో క్రియాపదం లేదు. ‘బాగుంది’ అనలేదు, ‘బాగలేదు’ అనలేదు. జాబితా చదివి ఊరుకున్నాడు. మరి తిట్టాడని మనకెట్లా తెలిసింది? జాబితాలో ఏది ఏ పక్కన పెట్టాడో దాన్నిబట్టి తెలిసింది. కూడుని తెచ్చి పాముల పక్కన పెట్టాడు. దేవుళ్లని తెచ్చి రాళ్ల పక్కన పెట్టాడు. చెప్పకుండా చెప్పటమంటే ఇదే. చిన్న రచన చదవటానికి ఇది మొదటి పాఠం. ఏం చెప్పాడో చూడండి, ఏది దేని పక్కన పెట్టాడో ఇంకా బాగా చూడండి.

ఈ పద్యాన్ని పల్లెల్లో చెప్పి ‘మీకేం తోచింది?’ అని అడిగితే రకరకాలుగా వస్తది. ‘జొన్నకూడు తిట్టు ఎట్లా అయిద్ది? మా తాతలు దాని మీదే బతికారు’ అంటారు పెద్దోళ్లు. నిజమే. ఇవాళ పట్నాల్లో ఆ జొన్నల్నే, ఆ సజ్జల్నే చిరుధాన్యాలని పేరు పెట్టి ఖరీదుగా అమ్ముతున్నారు. 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. పద్యంలో అక్షరం మారలేదు. తినేవాడు మారాడు, తిట్టు కాస్తా మెప్పు అయింది.

‘చిన్న దేవుళ్లు అన్నాడే, ఎవరికి చిన్న?’ అని ఆడవాళ్లు అడుగుతారు. పోలేరమ్మ, అంకమ్మ, ఊరి పొలిమేరలో రాయి రూపంలో ఉన్న తల్లులు. గుడి లేదు, గోపురం లేదు, పూజారి లేడు. మన దేవతల్ని చిన్న అన్నప్పుడే కొలిచేవాళ్లని కూడా చిన్న చేశాడు కవి. ఈ అర్థం పద్యంలో ఉంది, మనం బయటి నించి తెచ్చింది కాదు.

ఇక అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. జాబితాలో రాయికి చోటుంది, పాముకి చోటుంది, తేలుకి కూడా చోటుంది. మనిషికి చోటు లేదు. జొన్నకూడు ఉంది, జొన్నలు పండించినవాడు లేడు, దంచి వండిన ఆడమనిషి లేదు. నాపబండ ఉంది, దాన్ని పగలగొట్టి మోసినవాడు లేడు. తేళ్లని లెక్కపెట్టిన కంటికి మనుషులు ఆనలేదు. పండితులు ఈ పద్యం చెప్పి ‘ఆహా, ఎంత చమత్కారం!’ అని నవ్వుకున్నారు. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి వాళ్లు చాటువుల్ని ఏరి పుస్తకం వేసి భద్రం చేశారు, ఆ మేలు ఒప్పుకుందాం. కానీ ‘ఇందులో మనుషులేరీ?’ అన్న ప్రశ్న జాబితాలో లేని మనుషుల నించి రావాల్సిందే. లేనోడికే లేమి కనపడుద్ది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కుర్రోళ్లు కొందరు ‘పాములు, తేళ్లు అంటే భూస్వాములన్నా’ అంటారు. వినటానికి బాగుంటది, చప్పట్లు కూడా పడతయ్యి. కానీ పద్యం దానికి సాక్ష్యం ఇస్తదా? కవి పాముని రాయి పక్కన, కూడు పక్కన పెట్టాడు. దొర మాట, పెత్తనం మాట ఎక్కడా లేదు. కాబట్టి అది శ్రీనాథుడి పద్యానికి అర్థం కాదు. ఆ కుర్రోడి సొంత కవిత. అది మంచిదే, కాగితం మీద రాసుకొని తన పేరు పెట్టుకోమనండి. చదవటం వేరు, రాయటం వేరు. మనకి ఇష్టమైన అర్థాన్ని పక్కోడి మాటల్లో దూర్చితే, రేపు మన మాటల్లో వాళ్లకిష్టమైన అర్థం దూర్చినప్పుడు అడిగే నోరు మనకి ఉండదు.

రెండో చాటువు చూద్దాం. ఇది కూడా శ్రీనాథుడిదనే చెబుతారు, ఇది కూడా పల్నాడు మీదే. రసికుడైనవాడు ఆ సీమకి పోడంట. ఎందుకంటే అక్కడ రంభ అయినా సరే ఏకులు వడకాల్సిందే, రాజైనా సరే దున్నాల్సిందే, మన్మథుడైనా సరే జొన్నకూడే తినాల్సిందే. కవి ఎగతాళిగానే అన్నాడు, అందులో అనుమానం లేదు. దేవలోకపు అందగత్తెకి రాట్నం పని పెట్టే సీమ ఇదేం సీమ అని ఆయన బాధ.

కానీ ఇదే మాట కూలికి పోయే మనిషి చెవిలో వేసి చూడండి. రంభ పని చేస్తది, రాజు పని చేస్తాడు, అందరిదీ ఒకటే కూడు. అంటే కూర్చొని తినేవాడు లేని దేశం! కవి తిట్టాననుకున్నాడు. కష్టజీవి చెవికి అది దీవెనలాగా వినపడింది. మన సీమలోనే మాచర్ల బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒక్క చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకులాగా చూశాడని వీరుల కథ చెప్పుద్ది. ఆ కథ విన్న చెవితో ఈ పద్యం వింటే ‘అందరిదీ జొన్నకూడే’ అన్న మాట ఎంత బలంగా మోగుద్దో చూడండి.

సంబరపడి ఇక్కడే ఆగిపోకూడదు. పల్లెల్లో పత్తి తీతకి పోయే ఆడవాళ్లకి ఈ అర్థం చెబితే వాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు. ‘రంభ వడికిన నూలు ఎవరింటికి పోయింది? దానికి కూలి ఎంత?’ అని. మగవాళ్లు అడుగుతారు: ‘రాజు దున్నాడు సరే, భూమి ఎవరి పేరున ఉంది?’ చూశారా, పని అందరూ చేసినంత మాత్రాన సమానం కాదు. పంట ఎవరి గాదెలో పడిందో పద్యం చెప్పలేదు. 1967లో నాగార్జునసాగర్‌ని జాతికి అంకితం చేశాక కుడికాలవ నీళ్లు మన సీమకి వచ్చినయ్యి. జొన్న చేలు పోయి వరి, పత్తి, మిరప వచ్చినయ్యి. కాలవ తవ్విన చేతులు ఎవరివి, కాలవ కింద భూమి ఎవరిది అని అడిగినప్పుడు వచ్చే జవాబు, ఆ చాటువులో చెప్పకుండా వదిలేసిన జవాబు ఒకటే.

అంటే నాలుగు పాదాల పద్యానికి మూడు అర్థాలు వచ్చినయ్యి. కవి ఎగతాళి ఒకటి, కష్టజీవి మెప్పు ఒకటి, కూలి అడిగిన ఆడమనిషి నిలదీత ఒకటి. మూడూ పద్యంలో ఉన్న మాటల్ని పట్టుకొనే వచ్చినయ్యి. మేము కింద సారాంశం వేసి ఉంటే మొదటిదో, రెండోదో వేసేవాళ్లం. మూడోది పుట్టకముందే చచ్చిపోయేది.

ఇక మన కవుల దగ్గరికి వద్దాం. గుర్రం జాషువా మన వినుకొండలో 1895లో పుట్టారు. 1941లో ‘గబ్బిలం’ వేశారు. అది పెద్ద కావ్యమే. కానీ దాని పేరు ఒక్క మాట. ఆ ఒక్క మాటలోనే పొడుపు ఉంది. కాళిదాసు యక్షుడు పెళ్లాం దగ్గరికి మేఘాన్ని పంపాడు. జాషువా అంటరానివాడు శివుడి దగ్గరికి గబ్బిలాన్ని పంపాడు. హంస ఉంది, చిలక ఉంది, పావురం ఉంది. గబ్బిలమే ఎందుకు?

దీన్ని పల్లెల్లో అడగండి, ఒక్కొక్కరు ఒక్కో కొస అందుకుంటారు. గబ్బిలం ఇంట్లోకి వస్తే అపశకునమంటారు, మనం ఎదురొచ్చినా అపశకునమన్నారు అని ఒకరు. మనిషి ఇంటికీ గుడికీ తేడా లేకుండా తిరుగుద్ది, దానికి మైల లేదు అని ఇంకొకరు. గర్భగుడి చూరుకి వేలాడే గబ్బిలాన్ని ఏ పూజారీ కులం అడగడు, బయట నిలబడ్డ మనిషిని అడుగుతాడు అని మరొకరు. తలకిందులుగా వేలాడే దానికే ఈ తలకిందుల లోకం సరిగ్గా కనపడుద్ది అని ఇంకో కుర్రోడు. కావ్యంలో ఆ మనిషి గబ్బిలానికి చెప్పే జాగ్రత్త గుర్తుతెచ్చుకోండి. పూజారి పక్కన లేనప్పుడు దేవుడికి మన సంగతి చెప్పమంటాడు. కాబట్టి గుడి, పూజారి పట్టుకొని చెప్పిన అర్థానికి కావ్యమే సాక్ష్యం. మిగతావి కూడా కావ్యం కాదనే అర్థాలు కావు.

అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకా ఉంది. ఆ మనిషి తానే పోవచ్చు గదా? ఈ ప్రశ్నకి కావ్యం పేరే జవాబు. పోనివ్వరు కాబట్టి గబ్బిలం. 1930లో అంబేద్కర్ నాయకత్వంలో నాసిక్ కాలారామ్ గుడి ముందు వేలమంది సత్యాగ్రహం చేశారు, తలుపు తెరుచుకోలేదు. 1935లో యేవలాలో అంబేద్కర్ ‘హిందువుగా పుట్టాను, హిందువుగా చావను’ అన్న అర్థం వచ్చేట్టు ప్రకటించారు. ఆ తరవాత ఆరేళ్లకి వచ్చిన ‘గబ్బిలం’లో మనిషి ఇంకా దేవుడికి కబురు పంపుతున్నాడు. అది మొరా, ఫిర్యాదా, నేరారోపణా? మనవాళ్లలోనే దీని మీద తగువు ఉంది. ఉండనివ్వండి. ఆ తగువు తీర్చేసి ఒక అర్థానికి ముద్ర వేస్తే కావ్యం చచ్చిపోద్ది. తగువు నడిచినన్నాళ్లు జాషువా మన మధ్య కూర్చొని ఉన్నట్టే.

తరవాతి తరం. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చినప్పుడు దళిత కవిత్వం గుంపుగా, గట్టిగా వినపడింది. ఆ కవుల్లో మద్దూరి నగేష్ బాబు మన నరసరావుపేట వాడు, 2005లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన పుస్తకాల పేర్లే చూడండి. ‘వెలివాడ’. ‘రచ్చబండ’. పేరు కన్నా చిన్న కవిత లేదు. రచ్చబండ అనగానే ఒకరికి చల్లటి చెట్టునీడ, పెద్దమనుషులు, ఊరి కబుర్లు గుర్తొస్తయ్యి. మనకి? దాని ముందు చెప్పులు చేతబట్టుకొని నిలబడ్డ తాత గుర్తొస్తాడు, తప్పు కట్టమన్న తీర్పు గుర్తొస్తది. ఈ తరం పిల్లలకి అదే పేరుతో జరిగిన ప్రభుత్వ కార్యక్రమం గుర్తొస్తది. బండ ఒకటే. పైన కూర్చున్నవాడికి ఒక అర్థం, కింద నిలబడ్డవాడికి ఒక అర్థం.

పైడి తెరేష్ బాబు, నగేష్ బాబు, ఖాజా, వరదయ్య నలుగురూ కలిసి వేసిన పుస్తకం పేరు ‘నిశాని’. నిశాని అంటే గుర్తు. నిశాని అంటే వేలిముద్ర కూడా. ముగ్గురు దళితులు, ఒక ముస్లిం అని లెక్కచెప్పి పక్కన పెట్టేవాళ్లు పెట్టారు. మనం మాత్రం ఆ మాట దగ్గర కాసేపు కూర్చుందాం. చదువు రాదని మన చేత వేయించుకున్నది నిశాని. అప్పు కాగితం మీద, భూమి కాగితం మీద. అదే మాటని చదువుకున్న కొడుకులు తమ పుస్తకం అట్ట మీద పెట్టుకున్నారు. అవమానమా అది, జెండానా? రెండూనా? దీన్ని మీ ఊళ్లో అడగండి. బొటనవేలికి సిరా అంటిన పెద్దోళ్లని ముందు అడగండి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఊరికి పోయినప్పుడు ఇట్లా చెయ్యండి. కవితని రెండుసార్లు పైకి చదవండి, రాగం తియ్యొద్దు, తేటగా చదవండి. ‘అర్థం ఏంది?’ అని అడగొద్దు. అట్లా అడిగితే బడిపంతులు అడిగినట్టుంటది, అందరూ నోరు మూసుకుంటారు. ‘ఏ మాట కాడ మీ మనసు ఆగింది?’ అని అడగండి. ముందు ఆడవాళ్లని, తరవాత ముసలోళ్లని, ఆఖరున చదువుకున్న కుర్రోళ్లని మాట్లాడనివ్వండి. వరస తిరగేస్తే మొదటి ఇద్దరూ మాట్లాడరు. ఎవరేం చెప్పినా ‘ఏ మాటని బట్టి అంటున్నావు?’ అని ఒక్కసారి అడగండి. మాట చూపిస్తే ఆ అర్థం నిలబడుద్ది. చూపించలేకపోతే అది వాళ్ల సొంత కవిత, దాన్ని కూడా రాసుకోండి. చివరిగా ‘ఇందులో లేనిది ఎవరు?’ అని అడగండి. మీ అభిప్రాయం అందరి తరవాత చెప్పండి. పొద్దుపోతే చెప్పకపోయినా నష్టం లేదు.

‘దీనికి ఇంత సమయం ఎందుకన్నా, భూమి సమస్యలున్నయ్యి, కూలి సమస్యలున్నయ్యి’ అని మీలో కొందరికి ఉంటది. భూమి సమస్య ఎక్కడ ఓడిపోతున్నాం? కాగితం కాడ. పట్టాలో సరిహద్దులు రాసి ఉంటయ్యి, ఏ దిక్కున ఎవరిదో ఒక పేరు ఉండదు. తీర్మానంలో ‘గ్రామస్థులందరూ’ అని రాసి ఉంటది, అందులో గూడెం ఉండదు. కాగితంలో ఉన్నది చదివేవాడు గుమాస్తా. లేనిది పట్టుకునేవాడు కార్యకర్త. శ్రీనాథుడి జాబితాలో మనుషులు లేరని పట్టుకున్న అవ్వ, రేపు లబ్ధిదారుల జాబితాలో తన పేరు లేదని కూడా పట్టుకుంటది, ఎందుకు లేదని కూడా అడుగుద్ది. రెండూ ఒకే కన్ను చేసే పనులు.

అంబేద్కర్ కూడా హిందూ గ్రంథాల్ని ఇట్లాగే చదివారు. చిక్కుప్రశ్నలుగా విడదీసి, ‘ఇక్కడ ఇట్లా రాశారు, అక్కడ అట్లా రాశారు, ఎందుకు?’ అని అడిగారు. ఆయన పోయాక ఎంతో కాలానికి, 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ రచనని అచ్చువేస్తే, రాముడు, కృష్ణుడి మీద రాసిన భాగం తీసెయ్యాలని గొడవ చేశారు. దాన్ని కాపాడుకోవటానికి బొంబాయి వీధుల్లోకి లక్షల మంది వచ్చారు. ప్రశ్నలు అడిగిన ఒక పుస్తకం కోసం ఇంతమంది వచ్చారంటే, అర్థం అడగటం ఎంత పెద్ద పనో అర్థం చేసుకోండి.

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా అయింది. పేరు మారింది, హద్దులు మారినయ్యి. ఈ సీమ మీద కొత్త పద్యాలు, కొత్త జాబితాలు వస్తయ్యి. వాటిల్లో నాపరాయి ఉంటది, సున్నం ఉంటది, సిమెంటు ఉంటది, పత్తి, మిరప ఉంటయ్యి. మనుషులున్నారా లేదా అని చూడటం మన పని. ఈ పక్షం పత్రికలో కూడా ఒక చిన్న కవిత వేశాం. కింద సారాంశం లేదు, ఖాళీ ఉంది. మీ పల్లెలో ఏ అర్థాలు వచ్చినయ్యో ఆ ఖాళీలో రాసి పంపండి. రాయటం రానివాళ్లు చెబుతుంటే పిల్లల చేత రాయించండి, చెప్పినవాళ్లది ఏ మాటో అదే రాయమనండి, బాగు చెయ్యొద్దని చెప్పండి. వచ్చే పక్షం వాటిని అట్లాగే అచ్చువేస్తాం.

జై భీమ్!